మిద్దె మీద మాటలు, బిల్లు మీద మాటలు

తిరుపతిలో జనానికి మేమందరం కేబులోళ్ళమే. నెల మొదట్లో రసీదు పుస్తకం పట్టుకొచ్చేవాడూ కేబులోడే, డిష్షు తిప్పేవాడూ కేబులోడే, నిచ్చెన భుజాన వేసుకుని మిద్దెలెక్కేవాడూ కేబులోడే. మాలో మాకు మాత్రం చాలా అంతరాలుండేవి. డిష్షులతో ఛానళ్ళు పట్టి తీగలోకి పంపే హెడ్ఎండ్ గదిలో ఏసీ కింద కూర్చునేవాడు దొర. (ఆ ఏసీ పెట్టింది రిసీవర్ల కోసం, ఆయన కోసం కాదు. అయినా దొరే.) కలెక్షన్ పిల్లోళ్ళకు బైకులుండేవి. వీధుల్లో తీగ లాగి, స్తంభాలకు కట్టి, ఇంటింటికీ దించే మేం అట్టడుగున. అందులోనూ మేం ఆపరేటర్ దగ్గర జీతగాళ్ళం కాదు, కాంట్రాక్టు గ్యాంగు. ఒక ఏరియా లైను మొత్తం మాట్లాడుకుని, లాగి, బొమ్మ చూపించి, డబ్బు తీసుకుని ఇంకో ఏరియాకు పోయేవాళ్ళం. డబ్బు తీసుకుని అని సులువుగా అనేశాను గానీ, ఈ రాత సగం ఆ డబ్బు గురించే.

1997లో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ అయిపోయి ఖాళీగా తిరుగుతుంటే మా చిన్నాయన నన్ను ఆ గ్యాంగులో చేర్చాడు. గ్యాంగుకు పెద్ద నగరి వైపు మనిషి. అందరం పెద్దన్న అనేవాళ్ళం. సగం తెలుగు, సగం అరవం కలిపి మాట్లాడేవాడు. లుంగీ ఎగ్గట్టి స్తంభమెక్కాడంటే కిందికి చూడడు, చేయి మాత్రం చాపుతాడు. ఆ చేతిలో ఏది పెట్టాలో మనకు తెలిసుండాలి. నోటితో అడిగేది ఒక్క అంకె.

"పద్నాలుగు."

పద్నాలుగు అంటే ఏమిటో ఐటీఐలో ఎవరూ చెప్పలేదు. అక్కడ మాకు ట్రాన్సిస్టర్ బయాసింగ్ చెప్పారు, రేడియో విప్పి చూపించారు. మిద్దె మీద వాడే భాష వేరే ఉంది. కొన్నాళ్ళకు తెలిసిందేమంటే, ఆ పనిలో మాటలు రెండు రకాలు. మిద్దె మీద వాడేవి కొన్ని, బిల్లులో రాసేవి కొన్ని. మొదటివి వస్తే బొమ్మ వస్తుంది. రెండోవి వస్తేనే కూలి వస్తుంది. మొదటి రకం బాగా వచ్చినవాళ్ళు తిరుపతిలో బోలెడుమంది ఉండేవాళ్ళు. రెండూ వచ్చినవాడు నాకు తెలిసి పెద్దన్న ఒక్కడే. ఆయన చదివింది ఐదో తరగతి.

అప్పటికి ఊళ్ళో కేబుల్ ఊపు మీదుంది. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్‌లో చూపించడంతో దేశంలో డిష్షుల సంగతి జనానికి తెలిసింది. అదే ఏడాది స్టార్ వచ్చింది. 1992 అక్టోబర్‌లో జీ, 1993 ఏప్రిల్‌లో తమిళ సంవత్సరాదికి సన్, 1995లో ఈటీవీ, జెమిని. తిరుపతిలో తెలుగు ఒక్కటీ ఇస్తే చాలదు, అరవం కూడా ఇవ్వాలి. ఒకే వీధిలో ఒక ఇంట్లో జెమిని పోతే కేకలు, పక్కింట్లో సన్ పోతే కేకలు. 1995లోనే కేబుల్ టీవీ చట్టమూ వచ్చింది. ఆపరేటర్ పోయి హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి. తీగలో పోయే బొమ్మకు పోస్టుమాస్టర్ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఇక పద్నాలుగు సంగతి. అది ట్యాపు. స్తంభం మీద బిగించే చిన్న లోహపు డబ్బీ. లైను ఒకవైపు లోపలికొచ్చి ఇంకోవైపు బయటికి పోతుంది, ఇళ్ళకు దిగే తీగల కోసం రెండో నాలుగో ఎనిమిదో నోళ్ళుంటాయి. దాని మీద 8, 11, 14, 17, 20, 23 ఇలా ఒక అంకె వేసి ఉంటుంది. లైనులో ఉన్న సిగ్నల్ బలంలోంచి ఆ అంకె ఎంతో అన్ని డీబీలు (డెసిబెల్స్, బలానికి కొలత) తగ్గించి ఇంటికి వదులుతుందని దానర్థం. అంకె పెద్దదైతే ఇంటికి దిగేది తక్కువ. కొత్తగా వచ్చినవాడెవడైనా ఇది తిరగేసి అనుకుంటాడు. ఆంప్లిఫయర్ పక్క స్తంభానికి 23, వీధి కొసన 8. మొదట్లో ఉన్నవాడికి ముక్కు పిండి ఇవ్వాలి, చివర ఉన్నవాడికి దోసిలి పట్టి ఇవ్వాలి. అప్పుడే ఇద్దరికీ ఒకటే బొమ్మ.

లెక్క ఇలా ఉండేది. ఆంప్లిఫయర్ దగ్గర 100 డీబీ పంపించామనుకోండి. (పుస్తకాల్లో డీబీ మైక్రోవోల్ట్ అని రాస్తారు. స్తంభం మీద అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు.) 100 మీటర్లు ఆర్‌జీ-11 తీగలో పోతే పై ఛానళ్ళకు 10 డీబీ పోతుంది, 90 మిగులుతుంది. అక్కడ 20 ట్యాపు పెడితే ఇంటి తీగకు 70 దిగుతుంది. ఇంటి తీగ సన్నది, ఆర్‌జీ-6. దానిలో 100 మీటర్లకు 16 డీబీ పోతుంది కాబట్టి, 30 మీటర్లు లాగితే 5 పోతుంది. టీవీ దగ్గర 65. టీవీకి కావాల్సింది 60కి తగ్గకుండా, 80కి మించకుండా. ఆ ఇంటి అక్క పడగ్గదిలో ఇంకో టీవీ పెట్టుకుంటానంటే రెండు దారుల స్ప్లిట్టర్ వేస్తాం, అది మూడున్నర తింటుంది. 61.5. ఇంకా గట్టెక్కుతాం. వంటింట్లో మూడోది అంటే మాత్రం ట్యాపు మార్చాల్సిందే.

డీబీ లెక్కకు మూలమైన లాగరిథమ్ పట్టికలు నేను ఐటీఐలో చూశాను. పెద్దన్న ఆ పేరు కూడా వినలేదు. కానీ ఈ లెక్కంతా ఆయన స్తంభం మీద, నోట్లో ప్లాస్టిక్ టై పట్టుకుని, నేను జేబులోంచి పెన్ను తీసేలోపు చేసేవాడు. ఒకసారి అడిగితే అన్నాడు: "గుణించేది లేదు, భాగించేది లేదు అబ్బోడా. కూడిక, తీసివేత, అంతే. డీబీ కనిపెట్టినోడు మనట్లాంటోళ్ళ కోసరమే కనిపెట్టినాడు." లాగరిథమ్ గురించి ఇంతకంటే బాగా చెప్పిన మాస్టారు నాకు దొరకలేదు.

ఆంప్లిఫయర్ డబ్బా మూత లోపల పెన్సిలుతో రాసి పెట్టేవాడు: ఇన్ 72, ఔట్ 100, తారీఖు. అంకెలు మాత్రం ఆయనకు బాగా వచ్చు. ఆరు నెలల తర్వాత మూత తెరిచి మీటరు పెడితే ఇన్ 66 ఉందనుకో, తప్పు మన డబ్బాలో లేదు, వెనకాల ఎక్కడో ఉంది. ఎవడైనా ఆపరేటర్ కుర్రాడు బొమ్మ రావడం లేదని ఆ డబ్బాలో గెయిన్ తిప్పేసి ఉంటే అదీ తెలిసిపోయేది. "ఈ మూత అబద్ధం చెప్పదు" అనేవాడు. ఇంకో రహస్యం: ఆంప్లిఫయర్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోకూడదు. ప్రతిదీ బొమ్మతోపాటు కాస్త చెత్తను కూడా పెంచుతుంది. ఆ వరుసను క్యాస్కేడ్ అంటారు. పక్క ఊళ్ళ దాకా లైను లాగిన ఆపరేటర్ల దగ్గర కొసన ఉన్న పల్లెకు పోయేసరికి బొమ్మ కంటే చెత్తే ఎక్కువుండేది, అయినా నెల డబ్బులు అందరికీ ఒకటే.

తీగకు పక్షపాతం కూడా ఉంది. అదే ఆర్‌జీ-11, అదే 100 మీటర్లు. 55 మెగాహెర్ట్జ్ దగ్గర 3 డీబీ పోతే, 550 దగ్గర 10 పోతుంది. అంటే కింది ఛానళ్ళు బాగుంటాయి, పైవి చుక్కలు కొడతాయి. దీన్ని సరిచేయడానికి ఈక్వలైజర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది, కిందివాటిని కావాలని తగ్గించి పైవాటితో సమానం చేస్తుంది. పాత టీవీల్లో పై బ్యాండ్లు పట్టేవే కావు కాబట్టి కింది స్థానాలకు గిరాకీ. వాటిని ప్రైమ్ బ్యాండ్ అనేవాళ్ళు. దూరదర్శన్‌ను అక్కడే వేయాలని తర్వాత చట్టంలోనే రాశారు. మిగిలిన చోట్ల కోసం ఛానళ్ళవాళ్ళే ఆపరేటర్లకు డబ్బు కట్టే రోజులొచ్చాయి. మాకందులో పైసా రాలేదు.

ఇళ్ళల్లో వాళ్ళు చెప్పేది వింటే ఇవేవీ ఉండవు. వాళ్ళ మాటలు వాళ్ళవి. పెద్దన్న గొప్పతనం ఏమంటే, మిద్దె ఎక్కకముందే వాకిట్లో నిలబడి వాళ్ళ మాటల్లోంచే రోగం పట్టేవాడు.

"బొమ్మ మీద ఇసక పోసినట్లుండాది నాయనా" అంటే సిగ్నల్ తక్కువ. పిన్ను, అంటే తీగ కొసన బిగించే కనెక్టర్, తుప్పు పట్టిందో, ట్యాపు తప్పిందో.

"ఒక ఛానల్లో ఇంకో ఛానల్ బొమ్మ లీలగా కదలతాండాది" అంటే తక్కువ కాదు, ఎక్కువైంది. ఎవడో ఆంప్లిఫయర్‌ను అవసరానికి మించి తిప్పాడు. జనం నమ్మేవాళ్ళు కాదు. బొమ్మ బాగా లేదంటే పెంచుతారు గానీ తగ్గించేదేంది అని పోట్లాడేవాళ్ళు.

"అడ్డంగా రెండు పట్టీలు పైకి పాకతాండాయి." కరెంటు. ఎక్కడో పవర్ సప్లై కెపాసిటర్ పోయింది, లేదా ఎర్త్ సరిగా లేదు.

"మనిషి పక్కన ఇంకో మనిషి నీడ." ఇక్కడ పెద్దన్న వెంటనే అడిగేవాడు: "కుడిపక్కనా, ఎడమపక్కనా అమ్మా?" ఆ ఇల్లాలు విసుక్కునేది, ఏ పక్కైతే ఏమి అని. కుడిపక్కన నీడ పడితే లైనులో ఎక్కడో నోరు మూయకుండా వదిలేశారు, కొసకు పోయిన సిగ్నల్ తగిలి వెనక్కి వచ్చి ఆలస్యంగా మళ్ళీ టీవీకి చేరుతోంది. 75 ఓమ్‌ల టెర్మినేటర్ బిగిస్తే పోతుంది. ఎడమపక్కన పడితే కథ వేరు. అది సాధారణంగా దూరదర్శన్‌కే వస్తుంది. టవర్ నుంచి గాలిలో నేరుగా వచ్చే సిగ్నల్, మన తీగలో చుట్టు తిరిగి వచ్చే సిగ్నల్ కంటే ముందే టీవీలో దూరుతోంది. తీగ తొడుగు ఎక్కడో చీలింది, లేదంటే పిన్ను వదులు. కుడా ఎడమా అన్న ఒక్క ప్రశ్నతో సగం వీధి ఎక్కి దిగే శ్రమ తప్పేది. ఈ ఒక్క ఉపాయం నాకు చెప్పినందుకు ఆయన తిట్టిన తిట్లన్నీ మాఫీ.

ఆయన జేబులో పాత స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఉండేది. కొత్త తీగ చుట్ట రాగానే కొస గీరి మధ్య తీగకు తాకించేవాడు. అతుక్కుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత. అతుక్కోకపోతే మొత్తం రాగి. సిగ్నల్‌కు పూత చాలు, అంత ఫ్రీక్వెన్సీలో పోయేది తీగ పైచర్మం మీదే కాబట్టి. కానీ అదే తీగలో ఆంప్లిఫయర్‌కు 60 వోల్టుల కరెంటు కూడా పంపాలంటే ఉక్కు కుదరదు. పైగా కోసిన చోట తడి తగిలితే తుప్పు. షాపువాడు "ప్యూర్ కాపర్ అన్నా" అంటూ ఉండగానే అయస్కాంతం టక్కున అతుక్కునేది. పెద్దన్న ఏమీ అనడు. నవ్వి, రేటు తగ్గించమంటాడు.

లైన్లో కరెంటు పంపే పద్ధతి అన్ని చోట్లా ఉండేది కాదు. చాలా వీధుల్లో ఆంప్లిఫయర్ డబ్బా ఎవరో ఒకరి మిద్దె మెట్ల కింద ఉండేది, కరెంటు ఆ ఇంటిదే. అందుకు బదులు వాళ్ళకు కనెక్షన్ ఉచితం. ఆ ఇంట్లో ఫ్యూజు పోతే వీధికంతా బొమ్మ పోయేది. భవానీ నగర్ వైపు ఒక ఇంటాయన వేసవి సెలవులకు ఊరికెళ్తూ జాగ్రత్తగా మెయిన్ ఆపేసి తాళం వేసుకుపోయాడు. వీధి వీధంతా ఆపరేటర్ ఇంటి మీదికి వచ్చింది.

తిరుపతికి మాత్రమే ఉన్న తలనొప్పులు కొన్ని. కపిలతీర్థం, జీవకోన వైపు పని అంటే కోతులు. తీగ మీద వేలాడితే సరే, పిన్ను పీకి వాసన చూసి పారేస్తాయి. అటు వైపు బరువు మోసే ఉక్కు తీగ (మెసెంజర్) ఉన్న కేబుల్ వేసి, ప్రతి మలుపులో రెండేసి క్లాంపులు బిగించేవాళ్ళం. రేటు అడిగేటప్పుడు పెద్దన్న "కోతులది వేరే" అని ముఖం గంభీరంగా పెట్టి చెప్పేవాడు, ఆపరేటర్లు ఒప్పుకునేవాళ్ళు కూడా.

ఇంకోటి రథం. గోవిందరాజస్వామి గుడి బ్రహ్మోత్సవాల్లో రథం తిరిగే వీధుల్లో రోడ్డుకు అడ్డంగా ఏ తీగా ఉండకూడదు. ముందురోజు రాత్రి విప్పాలి, రథం దాటాక మళ్ళీ కట్టాలి. క్రాసింగ్ అనేవాళ్ళం దాన్ని. విప్పడం అరగంట. కట్టేటప్పటికి తెల్లారేది, ఎందుకంటే విప్పినవి మన తీగలొక్కటే కాదు, పోటీ ఆపరేటర్‌వీ ఉంటాయి. ఏది ఎవరిదో తేల్చుకునే లోపు గొడవ. పెద్దన్న మా తీగలకు ముందే ఎర్ర ఇన్సులేషన్ టేపు మూడు చుట్లు చుట్టించేవాడు. అవతలివాళ్ళు ఒక ఏడాది అదే ఎర్రటేపు, అవే మూడు చుట్లు చుట్టారు.

ఇళ్ళ పని నచ్చినంతగా లాడ్జీల పని నాకు నచ్చేది కాదు. రైల్వేస్టేషన్ చుట్టుపక్కల ఎక్కడ చూసినా లాడ్జీలే. ఎలక్ట్రీషియన్ కరెంటు వైరు వేసినట్టే టీవీ తీగనూ గది నుంచి గదికి టీ జాయింట్లు కొట్టుకుంటూ లాగి ఉండేవాడు. మూడో గదివాడు టీవీ తీగ పీకితే ఐదో గదిలో బొమ్మ మారేది. సరిగా చేయాలంటే కింద నుంచి పైకి ఒక రైజర్, అంతస్తుకో ట్యాపు, అక్కడి నుంచి ఎనిమిది దారుల స్ప్లిట్టర్, గదికొక తీగ. ఎనిమిది దారుల స్ప్లిట్టర్ 11 డీబీ దాకా మింగుతుంది, దానికి తగ్గ ఆంప్లిఫయర్ కింద పెట్టాలి. మేనేజర్‌కు ఇవేవీ పట్టవు. "ఒక కనెక్షనేగా" అంటాడు. పైకి ఒకటే, లోపల గదుల వరస. ఆపరేటర్ కూడా తనకు ఛానళ్ళు ఇచ్చే పై కంపెనీకి చూపించేటప్పుడు ఒకటే చూపించేవాడు. ఎన్ని ఇళ్ళకు ఇస్తున్నామని ఆపరేటర్ చెప్పే లెక్కను డిక్లరేషన్ అనేవాళ్ళు. ఆ అంకె నిజమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. తీగలో బొమ్మ ఎన్ని చోట్లకు పోతుందో అనలాగ్ కాలంలో తెలుసుకునే దారే లేదు.

బిల్లు మాటలు అసలు మొదలైంది పెద్ద కంపెనీలు రంగంలోకి దిగాక. అంతకుముందు ఆపరేటర్‌తో లెక్క నోటిమాటే. డ్రాపుకింత, అంటే ఒక ఇంటికి తీగ దించినందుకింత, మెయిన్ లైను మీటరుకింత. శనివారం సాయంత్రం లీలామహల్ దగ్గర టీ కొట్టు బల్ల మీద లెక్క తేలిపోయేది. ఎం.ఎస్.ఓ. కంపెనీలు, అంటే ఆపరేటర్లకు ఛానళ్ళ ఫీడ్ ఇచ్చే పెద్ద కంపెనీలు, వచ్చాక వర్క్ ఆర్డర్లు వచ్చాయి, ఇంగ్లీషులో, పేజీలకు పేజీలు. పెద్దన్న వాటిని నా చేత చదివించేవాడు. నేను వాక్యం చదివితే ఆయన కళ్ళు మూసుకుని వింటాడు, నచ్చని చోట వేలెత్తుతాడు.

"రన్నింగ్ మీటరు అన్నాడు సరే. ఏ మీటరు? రోడ్డు మీటరా, తీగ మీటరా?"

ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. రూట్ లెంగ్త్ అంటే స్తంభం నుంచి స్తంభానికి దారి పొడవు. కేబుల్ లెంగ్త్ అంటే నిజంగా లాగిన తీగ. రెండు స్తంభాల మధ్య తీగ కాస్త వేలాడాలి, బిర్రుగా కడితే ఎండకు వానకు తెగుతుంది. జాయింటు దగ్గర తీగ చుట్ట వదలాలి, రేపు తెగితే అతకడానికి. క్రాసింగ్ దగ్గర పైకెక్కి దిగాలి. ఇవన్నీ రోడ్డు మీటరులో కనపడవు. కిలోమీటరు పనిలో ఈ తేడా ఒక మనిషి వారం కూలి.

రెండో ప్రశ్న: "పని అయిపోయింది అని ఎప్పుడంటాడంట?" కొన్ని ఆర్డర్లలో తీగ లాగితే అయినట్టు. కొన్నిటిలో కమిషనింగ్ అయితేనే అయినట్టు. కమిషనింగ్ అంటే బొమ్మ రావడం. బొమ్మ రావాలంటే అవతల కంపెనీ హెడ్ఎండ్ నుంచి ఫీడ్ ఇవ్వాలి. వాళ్ళు మూడు నెలలు ఇవ్వకపోతే మన డబ్బు మూడు నెలలు ఆగుతుంది. ఆ మాట ఉన్న ఆర్డర్‌ను ఆయన చేత్తో పక్కకు నెట్టేసేవాడు.

తర్వాత ఎం-బుక్. కొలతలు రాసే పుస్తకం. ఇంజనీరు వచ్చి, కొలిచి, రాసి, సంతకం పెడితేనే ఆర్.ఏ. బిల్లు. పని మధ్యలో అయినంతవరకు కట్టే బిల్లు అది. అందులోంచి రిటెన్షన్ అని 5 శాతమో 10 శాతమో పట్టి ఉంచుతారు, లోపాలేమైనా బయటపడితే చేయించుకోవడానికి. ఆపైన టీడీఎస్, ముందే పట్టుకునే ఆదాయపు పన్ను. 2009 అక్టోబర్ నుంచి పన్ను చట్టం 194సీ కింద మా బోటి ఒంటరి కాంట్రాక్టర్‌కు 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం పట్టేవాళ్ళు. "టీడీఎస్ తిరిగొస్తాది, రిటెన్షన్ తిరిగిరాదు" అని పెద్దన్న లెక్క. అందుకే రేటు మాట్లాడేటప్పుడే ఆ 5 శాతం లేనట్టుగానే వేసుకునేవాడు.

డిజిటల్ వచ్చిన తర్వాత మిద్దె మీద మాటలు చాలా వేగంగా చచ్చిపోయాయి. 2011లో చట్టం సవరించారు. దశలవారీగా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాయి, మెట్రోల తర్వాత హైదరాబాద్, విశాఖ లాంటివి, మా ఊరి లాంటి పట్టణాలకు 2015 చివరి గడువు. ఇసక లేదు, నీడ లేదు, పట్టీలు లేవు. ఉంటే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, లేకపోతే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. కుడా ఎడమా అని అడగాల్సిన పనే పోయింది. నాకది నచ్చలేదు, నిజం చెప్పాలంటే. అనలాగ్ బొమ్మ జబ్బుపడుతూ పడుతూ చెప్పేది, డిజిటల్ ఒక్కసారిగా పడిపోతుంది. బాక్సుకు నంబరు ఉంటుంది కాబట్టి డిక్లరేషన్ అబద్ధాలు కూడా ఆగాయి. లాడ్జి మేనేజర్లు అప్పుడు ఏడ్చారు. 2019 ఫిబ్రవరి నుంచి ఇంటివాళ్ళకూ కొత్త మాటలొచ్చాయి. అప్పట్లో 100 ఛానళ్ళకు నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, జీఎస్టీతో 153 పైచిలుకు, పే ఛానళ్ళు దానిపైన. కలెక్షన్ పిల్లోడు వాకిట్లో నిలబడి ఇది విప్పి చెప్పలేక నానా తంటాలు పడ్డాడు.

అంతకుముందే మేం ఫైబర్‌కు మారాం. పెద్దన్న వయసుకు అది కష్టమేమో అనుకున్నా గానీ ఆయనకు ఫైబర్ తెగ నచ్చింది. "డీబీ ఉండాది కదా, ఇంకేం" అన్నాడు. రాగి తీగలో 100 మీటర్లకు 10 పోయేచోట, ఇందులో 1310 నానోమీటర్ల వెలుగు కిలోమీటరు పోయినా 0.35 డీబీనే పోతుంది, 1550 అయితే 0.2. మొదటిసారి మీటరులో ఆ అంకె చూసి మీటరు చెడిపోయిందేమో అని తట్టి చూశాడు. 12 పోగుల రంగుల వరుస ఒక్క రోజులో బట్టీ పట్టాడు: నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం. పోగులు అతికే స్ప్లైసింగ్ మిషన్ ముందు కూర్చున్న కుర్రాడు తడబడితే వెనకాల నుంచి అరిచేవాడు. పచ్చ పిన్నుకు పచ్చదే, నీలం పిన్నుకు నీలమే అని కూడా. పచ్చదాని మొన 8 డిగ్రీలు వాలుగా అరగదీసి ఉంటుంది, నీలందానితో కలిపితే రెంటి మధ్య సందు పడి వెలుగు కారిపోతుంది.

రేణిగుంట రోడ్డు వైపు ఒక కంపెనీకి ఫైబర్ లాగినప్పటి బిల్లు గురించి చెప్పాలి. ఆర్డర్ చదివేటప్పుడే పెద్దన్న అడగాల్సింది అడిగాడు, ఏ మీటరు అని. అందులో ఉన్నది రన్నింగ్ మీటరు అని మాత్రమే. ఆయన కదల్లేదు. కంపెనీ ఆఫీసులో కూర్చుని, "తొడుగు మీద మార్కింగ్ ప్రకారం" అన్న నాలుగు మాటలు పెన్నుతో రాయించి, పక్కన సంతకం పెట్టించాడు. ఫైబర్ కేబుల్ తొడుగు మీద ప్రతి మీటరుకూ వరుస అంకె అచ్చువేసి ఉంటుంది. డ్రమ్ము మొదలు ఒక అంకె, లాగింది అయ్యాక కొసన ఇంకో అంకె. తీసివేస్తే లాగిన తీగ ఎంతో తెలుస్తుంది.

కొలతల రోజు కంపెనీ ఇంజనీరు చక్రం తోసుకుంటూ రోడ్డు వెంబడి నడిచి ఒక అంకె చెప్పాడు. మా మార్కింగ్ లెక్క దానికంటే బాగా ఎక్కువ. మధ్యలో ఇంకో కుర్రాడు ఓటీడీఆర్ (పోగులోకి వెలుగు పంపి పొడవు కొలిచే మిషన్) పెట్టి మూడో అంకె తెచ్చాడు, అది మాదానికంటే కూడా ఎక్కువ. ఫైబర్ పోగు కేబుల్ లోపల నేరుగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది, కాబట్టి వెలుగు నడిచే దూరం తొడుగు పొడవు కంటే కాస్త ఎక్కువే వస్తుంది. ఒకటే తీగ, మూడు పొడవులు. ఓటీడీఆర్ లెక్కే అడగమని మా కుర్రోళ్ళు పెద్దన్న చెవిలో ఊదారు. ఆయన వద్దన్నాడు. లుంగీ ముడి విప్పి, ప్రతి డ్రమ్ము మొదటి, చివరి మార్కులున్న తొడుగు ముక్కలు, తారీఖు రాసిన కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసినవి, బల్ల మీద పోశాడు. ఇంజనీరు చాలాసేపు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఎం-బుక్‌లో మార్కింగ్ లెక్కే పడింది.

"కుర్రోడి మిషన్‌లో ఇంకా ఎక్కువుండె కదా పెద్దన్నా" అన్నాను బయటికొచ్చాక.

"అది వెలుగు నడిచిన దూరం. నేను లాగింది తీగ" అన్నాడు, లుంగీ మళ్ళీ బిగించుకుంటూ.

తర్వాత ఇంకో తుఫాను లాగా ప్రభుత్వ ఫైబర్ వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా రాష్ట్రమంతా 24 వేల కిలోమీటర్లు, నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి అన్నారు. కేబులోడు అన్న మాట పోయి నెట్టోడు అన్న మాట వచ్చింది. ఇప్పుడు కుర్రోళ్ళు ఇంట్లో డబ్బా దగ్గర మీటరు పెట్టి వెలుగు బలం మైనస్ 19, మైనస్ 22 అని చెప్పుకుంటారు. పెద్దన్న గ్యాంగు మానేసి నగరి వెళ్ళిపోయాడు, అక్కడ కొడుకు షాపులో కూర్చుంటాడు.

రేణిగుంట పని ఆర్.ఏ. బిల్లులన్నీ వచ్చాయి. రిటెన్షన్ 5 శాతం మాత్రం రాలేదు. లోపాల గడువు 12 నెలలు పూర్తయ్యే లోపే ఆ కంపెనీ నెట్‌వర్క్‌ను ఇంకో కంపెనీకి అమ్మేసింది. కొన్నవాళ్ళు పాతవాళ్ళను అడగమంటారు, పాతవాళ్ళ ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు ఒక మొబైల్ షాపు ఉంది. ఆ ఎం-బుక్ జిరాక్సు నా దగ్గరే ఉంది. మొన్న ఫోన్‌లో ఆ సంగతి ఎత్తితే పెద్దన్న కసిరాడు. ఆ డబ్బు తానేనాడూ లెక్కలో వేసుకోలేదని, నేనెందుకు వేసుకుంటున్నానని.